గేటు నంబర్ చూసి గుర్రాన్ని ఎలా చదవాలి: డ్రా లెక్క స్టెప్ బై స్టెప్

మలక్‌పేట రేస్ కోర్సులో వానాకాలం సీజన్ మొదలైందంటే చాలు, నాకొచ్చే మెసేజ్‌లన్నీ ఒకే రకం. "అన్నా, దీనికి 1వ గేటు పడింది, ఇక కళ్ళు మూసుకోవచ్చా?" అని ఒకరు, "11 పడింది, వదిలెయ్యనా?" అని ఇంకొకరు. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పెడుతున్నయ్, అందుకే ఒకేచోట రాసి పెడుతున్నా, ఇక మీద ఎవరడిగినా ఇదే పంపిస్తా.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్తా. రేసు మొదలయ్యే చోట గుర్రానికి డ్రా తీసి ఇచ్చే గేటు నంబర్ ఒక్కదాన్ని చూస్తే ఏమీ తెలీదు. ఆ గేటు నుంచి మొదటి మలుపు ఎంత దూరంలో ఉంది, లోపలి పక్కన (మలుపు తిరిగే రెయిలింగ్ వైపు, మామూలుగా చిన్న నంబర్లుండే వైపు) ఏ గుర్రాలున్నయ్, మన గుర్రం గేటు తెరుచుకోగానే ఎంత చురుగ్గా దూకుతది, ఈ మూడూ పక్కన పెట్టుకుంటేనే ఆ నంబర్‌కి ఒక అర్థం వస్తది. మిగతాదంతా ఈ మూడూ ఎలా తెలుసుకోవాలి, తెలుసుకున్నది కరెక్టా కాదా ఎలా చెక్ చేసుకోవాలి అన్నదే.

ఇంకో మాట, ఇది పందెం కాసే గైడ్ కాదు. రేసుని చదవడం నేర్చుకోవడానికి రాస్తున్నా. 2025 సెప్టెంబర్ నుంచి రేసు పందేల మీద జీఎస్‌టీ 40 శాతం అయింది, ఆ దెబ్బకి మంచి లెక్క ఉన్నోడు కూడా లాభంలో ఉండడం కష్టం. కాబట్టి నోట్‌బుక్ పట్టుకుని గ్యాలరీలో కూర్చుని చూసేవాళ్ళకే ఇది ఎక్కువ పనికొస్తది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఆ రోజు రేస్ బుక్, లేదా పేపర్లో వచ్చే కార్డ్. ఆ రేస్ కోర్సు మ్యాప్, అందులో ఏ దూరానికి స్టార్ట్ ఎక్కడో గుర్తులుంటయ్. పాత రేసుల వీడియోలు, పక్క నుంచి తీసినవే కాకుండా ఎదురుగా తీసినవి కూడా దొరికితే బంగారం. తెల్లారుజాము ట్రాక్ వర్క్ రిపోర్టులు, వాటిలో గేట్ ప్రాక్టీస్, మాక్ రేస్ (ఉత్తుత్తి రేసు) అని రాసే లైన్లు ముఖ్యం. ఒక నోట్‌బుక్ లేదా ఎక్సెల్ షీట్. పెన్సిల్ కూడా, ఎందుకంటే విత్‌డ్రాలు (గుర్రాలు తప్పుకోవడం) అయ్యాక చెరిపి రాసుకోవాలి.

స్టెప్ 1: ముందు సరైన నంబర్ చూస్తున్నారో లేదో చూసుకోండి

నవ్వకండి, పదిమందిలో సగం మంది తప్పు ఇక్కడే చేస్తారు. రేస్ బుక్‌లో గుర్రం పేరు ముందు పెద్దగా ఉండే నంబర్ కార్డ్ నంబర్, గుర్రం జీను కింద బట్ట మీద ఉండేది కూడా అదే. డ్రా నంబర్ వేరే కాలమ్‌లో చిన్నగా ఉంటది. గుర్రం ఏ గేటులోంచి వస్తదో చెప్పేది ఆ చిన్న నంబరే.

నా సంగతే చెప్తా. మొదటి సీజన్ అంతా నేను కార్డ్ నంబర్‌నే గేటు నంబర్ అనుకున్నా. నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి గీతలు కొట్టి, ప్రతి రేసుకీ ఏ నంబర్ గెలిచిందో ఎర్ర పెన్నుతో రాసుకుంటూ పోయా. నాలుగు నెలలయ్యాక "చూడు మామా, లోపలి గేట్లు ఎట్లా గెలుస్తున్నయో" అని గొప్పగా చూపించా. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి రెండు పేజీలు తిప్పి, "ఒరేయ్, ఇది గేటు కాదురా, బరువు" అన్నాడు. మన దగ్గర హ్యాండికాప్ రేసుల్లో, అంటే రేటింగ్ ఎక్కువున్న గుర్రానికి ఎక్కువ బరువు పెట్టి అందరినీ సమానం చేసే రేసుల్లో, కార్డ్ నంబర్లు బరువు ప్రకారం వస్తయ్, అందరికంటే ఎక్కువ బరువు మోసేది నంబర్ 1. అంటే నేను నాలుగు నెలలు కష్టపడి కనిపెట్టింది ఏంటంటే, రేటింగ్ ఎక్కువున్న గుర్రాలు కొంచెం ఎక్కువ గెలుస్తయ్ అని. ఆ సంగతి బరువులు పెట్టే హ్యాండికాపర్‌కి ముందే తెలుసు మరి.

ఇట్లాంటి తేడా పెద్ద రేసుల్లో కూడా చూడొచ్చు. అమెరికాలో 2022 కెంటకీ డర్బీ గెలిచిన రిచ్ స్ట్రైక్ అనే గుర్రం వేసుకున్న నంబర్ 21, బయటికొచ్చింది మాత్రం 20వ గేటులోంచి. చివరి నిమిషంలో ఒక గుర్రం తప్పుకుంటే ఆ ఖాళీలో దీనికి చోటు దొరికింది. 80కి 1 పందెం రేటుతో (అంటే ఎవరూ ఆశ పెట్టుకోని గుర్రం) గెలిచి అందరి నోళ్ళు తెరిపించింది.

స్టెప్ 2: విత్‌డ్రాలు తీసేసి మళ్ళీ లెక్కపెట్టండి

రేసు రోజు పొద్దున ఒకటి రెండు గుర్రాలు తప్పుకోవడం మామూలే. మీ గుర్రం గేటు 9, లోపల ఉన్న 3, 5 విత్‌డ్రా అయినయ్ అనుకోండి, అప్పుడు దానికి లోపల ఎనిమిది కాదు, ఆరు గుర్రాలే. గేటు ఖాళీగా వదిలేసినా, మిగతావాటిని దగ్గరికి జరిపినా, మీకు కావాల్సింది "దీనికి లోపల ఎన్ని గుర్రాలున్నయ్, బయట ఎన్ని ఉన్నయ్" అన్న లెక్కే. నేను కార్డ్ మీద పెన్సిల్‌తో 6/3 అని రాసుకుంటా, లోపల ఆరు, బయట మూడు. దాని తర్వాత అసలు గేటు నంబర్ వైపు చూడను.

ఎన్ని గుర్రాలు పరిగెడుతున్నయ్ అన్నది కూడా ఇక్కడే తేలిపోతది. ఆరు గుర్రాల రేసులో 6వ గేటు పడితే గోల పెట్టక్కర్లేదు, అందరికీ చోటుంటది. పధ్నాలుగు గుర్రాల రేసులో 12 అంటే ఆలోచించాలి.

స్టెప్ 3: స్టార్ట్ నుంచి మొదటి మలుపు దాకా దూరం చూడండి

నా దృష్టిలో మొత్తం విషయంలో సగం ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. మ్యాప్ తీసి, మీ రేసు దూరానికి స్టార్ట్ ఎక్కడుందో వేలు పెట్టి, అక్కడి నుంచి గుర్రాలు వెళ్ళే వైపు వేలు జరుపుతూ పోండి. వెంటనే మలుపు వస్తోందా, ఆరేడు వందల మీటర్లు నేరుగా ఉందా?

మలుపు దగ్గరుంటే బయటి గేటు గుర్రానికి రెండే దార్లు. ఒకటి, గేటు తెరవగానే విరగబడి పరిగెత్తి అందరినీ దాటి లోపలికి రావాలి, ఆ పరుగు ఖర్చు చివరి 200 మీటర్లలో వడ్డీతో సహా కట్టాలి. రెండు, వెనక్కి తగ్గి అందరూ పోయాక లోపలికి జారుకోవాలి, అప్పుడు ముందున్నోళ్ళకి ఇచ్చిన దూరం మళ్ళీ పట్టుకోవాలి. రెండూ కుదరకపోతే మూడోది, మలుపు మొత్తం బయటి వరసలోనే చుట్టూ తిరగాలి, అది అన్నిటికంటే అన్యాయం.

ఇంగ్లండ్‌లో చెస్టర్ అని ఒక కోర్సుంది, రౌండ్ మొత్తం ఒక మైలుకి కాస్త ఎక్కువ అంతే, దాదాపు మన గిన్నె అంచులాగా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటది. అక్కడ 5 ఫర్లాంగుల (దాదాపు 1000 మీటర్ల) రేసులో బయటి గేటు పడితే ట్రైనర్లు మొహం మాడ్చుకుంటారు, పెద్ద రహస్యమేం కాదు, అందరికీ తెలిసిందే. హాంగ్‌కాంగ్‌లో హ్యాపీ వ్యాలీ కూడా అంతే, చుట్టూ బిల్డింగుల మధ్య ఇరుకు ట్రాక్, చివరి స్ట్రెయిట్ 300 మీటర్లు చిల్లర, చిన్న దూరాల రేసుల్లో లోపలి గేట్లకే మర్యాద.

ఇప్పుడు దానికి ఉల్టా చూడండి. మెల్‌బోర్న్ కప్ 3200 మీటర్లు, అది జరిగే ఫ్లెమింగ్టన్ కోర్సులో స్టార్ట్ నుంచి మొదటి మలుపు దాకా చాలా దూరం నేరుగానే పరిగెత్తాలి, 24 గుర్రాలున్నా సర్దుకోవడానికి టైం దొరుకుతది. అక్కడ బయటి గేటు పడిందని ఏడవడం దండగ.

అసలు మలుపే లేని రేసులుంటయ్ కదా, వాటి కథ వేరే. హాంగ్‌కాంగ్‌లోనే షా టిన్‌లో 1000 మీటర్లు మొత్తం స్ట్రెయిట్, అక్కడ పెద్ద నంబర్లవాళ్ళు, అంటే జనం కూర్చునే వైపు రెయిలింగ్ దగ్గరున్నోళ్ళే హాయిగా ఉంటారు. హ్యాపీ వ్యాలీలో నేర్చుకున్న లెక్క బస్సెక్కి షా టిన్ వెళ్ళేసరికి తలకిందులైపోతది, అదీ 1000 మీటర్ల రేసుకి మాత్రమే. అందుకే "లోపలి గేటు మంచిది" అని ఎవరన్నా అంటే "ఎక్కడ, ఎంత దూరానికి?" అని అడగండి.

మలుపు దిశ కూడా చూసుకోండి. ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డర్బీలో గుర్రాలు ముందు కుడికి వంగి, తర్వాత ఎడమకి తిరిగి కిందికి దిగుతయ్. దాంతో 1వ గేటు గుర్రం మధ్యలో నలిగిపోతదని ఏళ్ళ తరబడి పేరు. 1999లో ఓత్ అక్కడి నుంచి గెలిచాక మళ్ళీ 2021లో అడయార్ గెలిచేదాకా ఆ గేటుకి గెలుపే లేదు. అందరూ శాపం అని ఖాయం చేసుకున్న గేటది, 2024లో సిటీ ఆఫ్ ట్రాయ్ కూడా అదే 1వ గేటులోంచి వచ్చి గెలిచేసింది. అంటే ఇబ్బంది నిజమే, కాని మంచి గుర్రానికి అది గోడ కాదు, స్పీడ్ బ్రేకర్ అంతే.

స్టెప్ 4: బయట తిరిగితే ఎంత నష్టమో ఒకసారి చేత్తో లెక్కేసుకోండి

థియరీ ఇంతే పెడుతున్నా, భయపడకండి. గుర్రం పక్కన గుర్రం పరిగెత్తడానికి సుమారు ఒక మీటర్ వెడల్పు అనుకుందాం. సగం రౌండ్ తిరిగే మలుపులో ఒక వరస బయట ఉంటే అదనంగా పరిగెత్తాల్సింది 3.14 ఇంటు 1, అంటే మూడు మీటర్ల పైచిలుకు. గుర్రం పొడవు దాదాపు 2.4 మీటర్లు. కాబట్టి ఒక్క వరసకి పొడవున్నర కాస్త తక్కువ. రెయిలింగ్ పక్కనోడితో పోలిస్తే మూడో వరసలో తిరిగినోడు ఆరు మీటర్ల మీద ఎక్కువ పరిగెత్తాడు, రెండున్నర పొడవులు. సెకనుకి 16 మీటర్లు పోయే గుర్రానికి ఒక పొడవు అంటే సెకనులో 0.15 వంతు. మన దగ్గర ఎన్ని రేసులు మెడ తేడాతో, తల తేడాతో తేలుతయ్యో మీకే తెలుసు.

ఇందులో ఒక తమాషా ఉంది. మలుపు చిన్నదైనా పెద్దదైనా, సగం రౌండ్ తిరిగితే వరసకి పడే అదనపు దూరం అంతే. కావాలంటే కాగితం మీద రెండు అర్ధచంద్రాలు గీసి కొలవండి. ఇరుకు మలుపులో నష్టం ఎక్కువనిపించేది ఎందుకంటే అక్కడ స్పీడ్ తగ్గించాల్సొస్తది, ఇంకా సర్దుకోవడానికి చోటుండదు కాబట్టి.

జాగ్రత్త: ఈ లెక్క గుర్రం *నిజంగా* ఏ వరసలో తిరిగిందో దానికి, గేటు నంబర్‌కి కాదు. 12వ గేటులోంచి వచ్చి వెనక్కి తగ్గి రెయిలింగ్ పక్కనే తిరిగిన గుర్రానికి ఈ నష్టం సున్నా. 4వ గేటులో ఉండి ముగ్గురి బయట ఇరుక్కున్న దానికి పూర్తిగా పడుతది.

స్టెప్ 5: మన గుర్రం ఏ రకమో తేల్చండి

చివరి నాలుగైదు రేసుల వీడియోలు పెట్టి మొదటి పది సెకన్లే చూడండి, మిగతాది ఇప్పుడు అనవసరం. గేటు తెరుచుకోగానే ముందుకి దూకుతోందా, పక్కకి ఒరుగుతోందా, తల పైకెత్తి సగం పొడవు వదిలేస్తోందా?

ముందు పరిగెత్తే రకానికి బయటి గేటు ఖర్చుతో కూడిన పని, లోపలికి రావడానికి అదనపు పరుగు పెట్టాలి కాబట్టి. అదే రకానికి లోపలి గేటు, దానికి తోడు చురుకైన జంప్ ఉంటే రేసు సగం చేతిలో ఉన్నట్టే. వెనక నుంచి వచ్చే రకానికి బయటి గేటు అంత బాధ కాదు, ఎట్లాగూ వెనక్కి తగ్గేదే. దానికి లోపలి గేటే ఒక్కోసారి ప్రమాదం: ముందు అలిసిపోయిన గుర్రాలు, పక్కన గోడలా ఇంకో గుర్రం, ఇవతల రెయిలింగ్, ఎటూ కదల్లేక జాకీ పగ్గాలు పట్టుకుని కూర్చోవడమే. గ్యాలరీలో "బాక్స్ అయిపోయింది" అని అరుస్తుంటారు కదా, అదే.

అన్నిటికంటే చెడ్డ కాంబినేషన్ ఏంటో తెలుసా, 1వ గేటు పడి, జంప్ సరిగా లేని గుర్రం. బయటోళ్ళంతా లోపలికి కోసేస్తరు, దీనికి ముందుకి పోయే దారుండదు, పక్కకి వచ్చే దారుండదు. 1వ గేటు అనగానే ఎగిరి గంతేసేవాళ్ళు ఈ లైన్ రెండుసార్లు చదవండి.

వీడియో దొరక్కపోతే: ట్రాక్ వర్క్ రిపోర్టులో గేట్ ప్రాక్టీస్ లైన్ చూడండి. "చురుగ్గా బయటికొచ్చింది", "లేట్‌గా కదిలింది" అన్న అర్థంలో రెండు మూడు ముక్కలు రాస్తారు. కొత్త గుర్రాలకి, మొదటిసారి పరిగెత్తేవాటికి ఇదొక్కటే ఆధారం. కాని ఒక్క రిపోర్టు చూసి ముద్ర వెయ్యకండి, ప్రాక్టీస్‌లో నలుగురి మధ్య బాగా దూకింది, జనం గోలలో పన్నెండు మంది మధ్య బెదిరిపోవచ్చు.

స్టెప్ 6: పక్కనోళ్ళని చూడండి, ఒక బొమ్మ గీయండి

ఇది చెయ్యడానికి ఐదు నిమిషాలు పడుతది, ఎవరూ చెయ్యరు, చేసినోళ్ళకి మాత్రం రేసు ముందే కనిపిస్తది. కాగితం అడ్డంగా పెట్టి ఒక చివర గేట్లు వరసగా రాయండి. ఒక్కో గుర్రం మొదటి 200 మీటర్లలో ఎక్కడుంటదో చుక్క పెట్టండి, ముందు పరిగెత్తేవి ముందుకి, సోమరులు వెనక్కి.

ఇప్పుడు చూడండి. మీది 8వ గేటు, ముందు పరిగెత్తే రకం. లోపలున్న ఏడింటిలో ఇంకెవరూ ముందుకి పోయే రకం కాదు. అయితే 8వ గేటు అసలు సమస్యే కాదు, 150 మీటర్లలో రెయిలింగ్ దగ్గరికి వచ్చేస్తది. అదే లోపల 2, 3, 6 మూడూ ముందుకి పోయే రకమే అనుకోండి, మీ గుర్రం మలుపులో నాలుగో వరసలో ఉంటది, స్టెప్ 4 లెక్క పూర్తిగా పడుతది. నంబర్ అదే 8, ఫలితం మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఇంకో లాభం, ముగ్గురు నలుగురు ముందు కోసం కొట్టుకుంటే వాళ్ళంతా చివర్లో అలిసిపోతారు, వెనక నుంచి వచ్చేదానికి పండగ.

బొమ్మలో జాకీ సంగతి కూడా పక్కన రాసుకోండి. 2013లో ట్రెవ్ అనే ఆడ గుర్రం పారిస్‌లో ఆర్క్ అనే పెద్ద రేసుని 15వ గేటు నుంచి గెలిచింది, 2015లో గోల్డెన్ హార్న్ 14 నుంచి. ఆ గోల్డెన్ హార్న్ రేసులో దాని జాకీ డెట్టోరీ చేసింది వెతికి చూడండి: గేటు తెరవగానే లోపలికి తోసుకుంటూ రాకుండా మందకి దూరంగా, బయటే ఒంటరిగా కాసేపు పరిగెత్తించి, తర్వాత నెమ్మదిగా కలిపాడు. బయటి గేటు పడితే ఏం చెయ్యాలో అంతకంటే మంచి పాఠం లేదు. అప్రెంటిస్ కుర్రాళ్ళ (ఇంకా నేర్చుకుంటున్న జాకీల) దగ్గర అంత ఓపిక ఆశించకండి, పాపం వాళ్ళ తప్పు కాదు.

స్టెప్ 7: ఆ రోజు ట్రాక్ ఎలా ఉందో చూడండి

మన క్లబ్బులు పెనిట్రోమీటర్ రీడింగ్ ఇస్తాయి కదా, నేల ఎంత మెత్తగా ఉందో చెప్పేది. వాన పడ్డ రోజుల్లో లోపలి వైపు రెయిలింగ్ పక్కన గడ్డి ఎక్కువ తొక్కుడుకి పాడై ఉంటది, అప్పుడు జాకీలే కావాలని బయటికి వస్తారు. ఫాల్స్ రెయిల్ (లోపలి గడ్డిని కాపాడడానికి బయటికి జరిపి పెట్టే తాత్కాలిక రెయిలింగ్) వేశారా, ఎంత దూరం జరిపారు అన్నది కూడా రేస్ బుక్‌లోనో అనౌన్స్‌మెంట్‌లోనో తెలుస్తది. రెయిల్ బయటికి జరిపితే అప్పటిదాకా తొక్కని తాజా గడ్డి లోపలోళ్ళకి దొరుకుతది.

సులువు పద్ధతి: మొదటి రెండు రేసులు ఊరికే చూడండి. స్ట్రెయిట్‌లోకి వచ్చాక జాకీలు ఎక్కడ పోతున్నారు, రెయిలింగ్ పక్కనా, మధ్యలోనా? రోజూ పొద్దున్నే ఆ గడ్డి మీద గుర్రాలు తోలేవాళ్ళకి మనకంటే ఎక్కువ తెలుసు.

స్టెప్ 8: రేసుకి ముందే ఒక వాక్యం రాయండి

"6/3, మలుపు దగ్గర, ముందు రకం, లోపల ఇద్దరు పోటీ, మూడో వరసలో ఉంటది, డ్రా కొంచెం నష్టం." ఇట్లా ఒక్క లైన్. చివర లాభం, మామూలు, నష్టం అని మూడింట్లో ఒకటి. రేసు అయ్యాక రాస్తే అందరం పండితులమే, కాబట్టి ముందే రాయండి, పెన్నుతో.

ఇప్పుడు చెక్ చేసుకోవడం

మొదటి చెక్, అదే రోజు. ఎదురు వీడియో పెట్టి మలుపులో మీ గుర్రం ఏ వరసలో ఉందో లెక్కపెట్టండి. గెలిచిందా ఓడిందా వదిలెయ్యండి, మీరు రాసిన వరస, అది తిరిగిన వరస ఒకటేనా? నేను ఇది మొదలుపెట్టినప్పుడు పదికి నాలుగు కూడా కరెక్ట్ రాలేదు. గుర్రం ఓడినా వరస కరెక్ట్‌గా చెప్పారంటే మీ చదువు కరెక్టే, గుర్రమే మంచిది కాదు.

రెండో చెక్ సీజన్ చివర్లో. ఒకే కోర్సు, ఒకే దూరం రేసులు మాత్రమే తీసుకోండి, 1100 మీటర్లని 1600తో కలిపితే ఆ సాంబార్‌లో ఏముందో మీకే తెలీదు. ఎనిమిదికి తక్కువ గుర్రాలున్న రేసులు తీసెయ్యండి. గేట్లని ఒక్కొక్కటిగా కాకుండా మూడు గుంపులు చెయ్యండి, లోపలి మూడో వంతు, మధ్య, బయట.

గెలుపులు మాత్రమే లెక్కపెడితే సమాచారం సగం పారేసినట్టు. నేను "ఎంతమందిని దాటింది" లెక్క వాడతా. పది గుర్రాల రేసులో నాలుగో స్థానం అంటే తనని పక్కన పెడితే తొమ్మిదిలో ఆరింటిని దాటింది, 67 శాతం. అన్ని గుర్రాలకీ ఇట్లా వేసి గుంపు సగటు తీయండి. గేటు ప్రభావం లేకపోతే ప్రతి గుంపూ 50 దగ్గర్లో తిరుగుతది. ఒక గుంపు 50కి బాగా పైన, ఇంకోటి బాగా కింద ఉంటే అప్పుడు కాస్త కూర్చుని చూడండి.

ఇక్కడే చాలామంది పడిపోతారు కాబట్టి ఒక ఊహాలెక్క. తొమ్మిదేసి గుర్రాలున్న 40 రేసులు తీసుకున్నారు, లోపలి మూడు గేట్లు 18 గెలిచినయ్. ఏ తేడా లేకపోతే 13 దాకా గెలవాలి. 18 చూస్తే "అబ్బో, 35 శాతం ఎక్కువ" అనిపిస్తది. కాని 40 రేసుల్లో అదృష్టం ఒక్కదానితోనే మూడు అటూ ఇటూ అవ్వడం రోజూ జరిగేదే, ఐదు అవ్వడం కూడా పెద్ద వింతేం కాదు. ఇక్కడ ఆగండి. మీ షీట్‌ని సీజన్ మొదటి సగం, రెండో సగం అని రెండు ముక్కలు చెయ్యండి. రెండింట్లోనూ లోపలి గేట్లే పైన ఉంటే నమ్మకం పెంచుకోండి, ఒకదాంట్లో పైన ఒకదాంట్లో కింద ఉంటే అది గాలి. ఇంకో సీజన్ ఆగండి.

మీ దగ్గర డేటా లేకపోతే హాంగ్‌కాంగ్ జాకీ క్లబ్ వెబ్‌సైట్‌లో గేట్ల వారీగా గణాంకాలు ఫ్రీగా పెడతారు. హ్యాపీ వ్యాలీ 1200, షా టిన్ 1000 పక్కపక్కన పెట్టి చూడండి, చెయ్యి తిరగడానికి మంచి ప్రాక్టీస్.

జనం ఎక్కువగా చేసే తప్పులు

శాపాల్ని నమ్మడం. కెంటకీ డర్బీలో 17వ గేటు నుంచి 2024 దాకా ఒక్క గుర్రమూ గెలవలేదు, 40కి పైగా ప్రయత్నాలు, అన్నీ సున్నా. వినడానికి భయంగానే ఉంది. కాని ఆ రేసులో ఒక్కో గుర్రానికి వంతు 5 శాతం అనుకుంటే, 45 సార్లు వరసగా గెలవకుండా ఉండే అవకాశం పదిలో ఒకటి. ఇరవై గేట్లున్నచోట ఏదో ఒకటి అట్లా ఖాళీగా మిగలడం మామూలే. పక్కనున్న 18లోనో 16లోనో ఏ దోషమూ లేకుండా 17లో మాత్రం దయ్యం కూర్చుంటదా చెప్పండి? అదే రేసులో 20వ గేటు నుంచి 2008లో బిగ్ బ్రౌన్ గెలిచింది, 2022లో పైన చెప్పిన రిచ్ స్ట్రైక్ గెలిచింది. 1వ గేటు నుంచి మాత్రం 1986లో ఫెర్డినాండ్ తర్వాత 2025 దాకా ఎవరూ గెలవలేదు, దీనికి కారణం చూపించొచ్చు, ఇరవై గుర్రాలు లోపలికి కోసుకుంటూ వస్తే రెయిలింగ్ పక్కనోడికి ఊపిరాడదు. కారణం చెప్పగలిగిన లెక్కని నమ్మండి, చెప్పలేనిదాన్ని పక్కన పెట్టండి.

పాత డేటా గుడ్డిగా కలపడం. ఇంగ్లండ్ ఫలితాలు దించుకునేవాళ్ళకి ఇది ముఖ్యం: 2011కి ముందు అక్కడ కుడి వైపు తిరిగే కోర్సుల్లో పెద్ద నంబర్లే లోపల ఉండేవి, ఆ ఏడాది పద్ధతి మార్చేసి, 1వ గేటు ఎప్పుడూ లోపలి వైపే అని పెట్టారు. రెండూ కలిపేస్తే మంచి చెడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని "ప్రభావమే లేదు" అని వస్తది.

గుర్రం క్లాసు మర్చిపోవడం. ఒక సీజన్లో మంచి గుర్రాలకి వరసగా లోపలి గేట్లే పడితే లోపలి గేట్లు గొప్పగా కనిపిస్తయ్. ఫేవరెట్లని (ఎక్కువమంది గెలుస్తాయనుకునే గుర్రాల్ని) తీసేసి మిగతావాటితో కూడా ఒకసారి లెక్క వేసి చూడండి.

డ్రాకి రెండుసార్లు మార్కులు వెయ్యడం. చెడ్డ గేటు పడిందని అందరికీ తెలిసినప్పుడు దాని మీద పందెం రేటు అప్పటికే పెరిగి ఉంటది. మీకు మాత్రమే తెలిసిన రహస్యంలా ఫీల్ అవ్వకండి.

గేటులో కుదురుగా నిలబడని గుర్రాన్ని గమనించకపోవడం. కొన్నింటిని ముందు ఎక్కిస్తే, మిగతావి ఎక్కేదాకా లోపల తన్నుకుంటూ, చెమటలు కక్కుతూ ఉంటయ్. అట్లాంటి దానికి ఏ నంబర్ పడినా ఒకటే. బైనాక్యులర్స్ ఉంటే ఆ రెండు నిమిషాలు గేట్ల మీదే పెట్టండి, పందెం రేట్లు చూపించే టోట్ బోర్డు తర్వాత చూసుకోవచ్చు.

ఇక చివరిగా ఎక్కువమంది అడిగేది, "చెడ్డ గేటు నుంచి ఓడిన గుర్రాన్ని ఏం చెయ్యాలి?" అని. దాని పేరు నోట్‌బుక్ వెనక పేజీలో రాసి పెట్టుకోండి, పక్కన "నాలుగో వరస, మలుపు మొత్తం, మూడు పొడవులతో ఓడింది" అని. నాలుగో వరస అంటే రెయిలింగ్ కంటే మూడు వరసలు బయట, స్టెప్ 4 ప్రకారం తొమ్మిది మీటర్ల పైన, అంటే నాలుగు పొడవులు. అది మూడు పొడవులతోనే ఓడిందంటే, లోపల తిరిగి ఉంటే ఎక్కడుండేదో మీరే చూసుకోండి. తర్వాత అదే దూరానికి లోపలి గేటు పడి మళ్ళీ వచ్చిన రోజు ఆ పేజీ తియ్యండి, కాకపోతే ముందు దాని జంప్ ఎట్లా ఉందో ఇంకోసారి చూసుకుని.